పచ్చ గీత లోపల

కరిగిన మైనం వాసన తగిలితే చాలు, సుగుణ మేడం నా వెనకాల నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ పోయి రెండేళ్లయింది. అయినా ఇవాళ పొద్దున ల్యాబులో మైనం వేడెక్కగానే నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడంటే భయం అలాంటిది మరి.

విజయవాడలో ఓ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆవిడ పాథాలజీ డాక్టరు, నేను టెక్నీషియన్ని. ఆపరేషన్లో తీసిన కణితిని మైనపు దిమ్మలో భద్రపరిచి, పల్చటి పొరలుగా కోసి గాజు పలకల మీద పరుస్తాం. అందులో ఏ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో పరీక్షిస్తే, ఆ మనిషికి కీమో పనిచేస్తుందో లేదో ముందే అంచనా కట్టొచ్చు. మేడం మైక్రోస్కోపులో చూసి, కణితి ఉన్నంతమేరా పచ్చ ఇంకుతో గీత గీసేవారు. ఆ గీత లోపలిది మాత్రమే నేను గీకి పరీక్షకు పంపాలి. పలక మీది నంబరు చదివితే ఊరుకునేవారు కాదు. "నంబరుకి జబ్బు రాదమ్మాయ్. ఎవరిది?" అనేవారు. పేరు చెప్పాకే బ్లేడు చేతికిచ్చేవారు.

ఓసారి మైలవరం టీచరు రత్నకుమారి గారి పలకల మీద గీత గీసి, మేడం రెండు వారాలు సెలవు పెట్టారు. కొరియర్ వెళ్లిపోయే వేళవుతోందని నేను నంబరు చూశాను, పేరు చూడలేదు. గీత సంగతే మర్చిపోయి పలకంతా గీకేశాను. కణితి కన్నా చుట్టూ ఉన్న మంచి కండే ఎక్కువ వెళ్లింది. కీమో వల్ల పెద్దగా లాభం లేదని రిపోర్టు వచ్చింది. రత్నకుమారి గారు నడుం దాటిన జడలో మల్లెపూలు పెట్టుకుని వచ్చి, ల్యాబంతా బందరు లడ్డూలు పంచారు. నేను రెండు తిన్నాను, సిగ్గులేకుండా.

మేడం రాగానే, అలవాటు ప్రకారం, గీకేసిన పలకలు వెలుతురుకెత్తి చూశారు. "ఇదేంటమ్మాయ్, మొత్తం తుడిచిపెట్టేశావు?" చీవాట్లు ఖాయమనుకున్నాను. ఆవిడ ఫోను తీశారు. "రత్నకుమారి గారూ, మీ పరీక్షలో మావల్ల పొరపాటు జరిగిందండీ. మళ్లీ చేస్తాం. అప్పటిదాకా పాత రిపోర్టు నమ్మకండి." మావల్ల అన్నారు, చూడండి! ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చేసింది.

దిమ్మలో మిగిలింది కాస్తే. ఇంకోసారి పాడైతే పరీక్షే లేదు. "వేరేవాళ్లకివ్వండి మేడం, చేతులు వణుకుతున్నాయి" అన్నాను.

"వణకనీ. గీత దాటకు, చాలు" అన్నారు పక్కన కుర్చీ వేసుకుని.

ఈసారి రిపోర్టు తిరగబడింది. కీమో కావాలి, పనిచేసే అవకాశమూ బాగా ఉంది. ఆ సంగతి చెప్పేటప్పుడు మేడం నన్నూ కూర్చోబెట్టారు. "మొదటిసారి తప్పు చేసింది నేనేనండీ" అన్నాను. రత్నకుమారి గారు జడ ముందుకేసుకుని, చివర్లు నిమిరారు.

"అయితే ఇది పోతుందన్నమాట" అని, నావైపు తిరిగారు. "ఈసారి జాగ్రత్తగా చేశావా అమ్మా?"

"చేశానండీ."

"అయితే మొదలుపెట్టమనండి" అన్నారు మేడంతో.

రత్నకుమారి గారు ఇప్పటికీ బడికి వెళ్తున్నారు. భుజాల దాకా పెరిగిన జుట్టుతో ఏడాదికోసారి చెకప్‌కి వచ్చి, లడ్డూలిచ్చి వెళ్తారు. నేను మాత్రం ఒకటే తీసుకుంటాను.

ఇవాళ కూడా, కొత్త డాక్టరు గీసిన పచ్చ గీత దగ్గర బ్లేడు ఆపాను. "చేశానండీ" అన్నాను, పైకే. కొత్తగా చేరిన అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నవ్వనీ.