నా చుట్టల రుచి చూసిన మనిషి

నేను పొగ తాగను. బాన్సువాడలో పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పే నన్ను, బస్టాండు దగ్గర నోట చుట్టతో ఎవరైనా చూస్తే బాగుండదని మొదటి నుంచీ జాగ్రత్తపడ్డాను. అయినా చుట్ట చుట్టడం నేర్చుకోవాలన్న కోరిక బలంగా కలిగింది. ఘాటైన ఆకునూ మెత్తని ఆకునూ పాళ్ళు చూసి కలపడం, తడి పదును కనిపెట్టడం, మాగబెట్టడం నా చదువుకు దగ్గరి పనులుగా తోచాయి.

నేర్పినవారు నస్రుల్లాబాద్ దారిలోని వలస రైతుల క్యాంపులో ఉండే పెద్దాయన. ఆయన తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద భూమి కొని స్థిరపడిన కుటుంబం వారిది. మా నాన్న ముప్పై ఏళ్ళుగా వారి పొలానికి నీళ్ళు కడుతున్నాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కనుక, పెద్దాయన నన్ను మాష్టారూ అని పిలిచి వరండాలో కుర్చీ వేయించేవారు. అదే వరండాలో నాన్నను ఏరా అనేవారు. నాన్న మెట్టు మీద కూర్చునేవాడు. ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు నేను ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ కుర్చీ నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఆకు ఈనె తీయడం రావడానికి ఒక నెల పట్టింది. లోపలి ముక్కలను గట్టిగా కూరితే పొగ రాదు, వదులుగా పెడితే ఒక పక్కే కాలుతుంది. పై ఆకును ఏటవాలుగా చుట్టి, కొసను గంజితో అంటించాలి. నేను చుట్టిన వాటిని పెద్దాయన వేళ్ళతో నొక్కి చూసి పక్కన పెట్టేవారు. కాల్చి చూడమంటే, చెయ్యి తిరగనివాడి చుట్టతో తన నోరు పాడుచేసుకోనని చెప్పేవారు. నేను తాగను. కాబట్టి మెట్టు మీది మనిషికి అందించేవాళ్ళం.

నాన్నకు బీడీ తప్ప వేరే అలవాటు లేదు. చుట్ట ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారేవి. ఎట్లున్నదని అడిగితే ప్రతిసారీ మంచిగనే ఉన్నదనేవాడు. పెద్దాయన నవ్వేవారు. నేను నోటుపుస్తకంలో పాళ్ళు, కాలిన తీరు, దగ్గు అని గడులు గీసి రాసుకునేవాణ్ణి.

ఆకు మీద బెల్లం నీళ్ళు చిలకరించి, గోనెలో చుట్టి, బరువు కింద పెట్టాలని పెద్దాయన చెప్పారు. మా ఇంటి ముందు నుంచే చెరకు బండ్లు పోతాయి. బెల్లానికి మూలం రసమే కదా అని నేను పచ్చి చెరకు రసమే పోశాను. అది పులుస్తుందని రసాయనశాస్త్రం చెప్పేవాడికి తోచలేదు. వారం తర్వాత చుట్టలు చుట్టేటప్పుడు తెల్లని బూజు కనిపించింది. దాన్ని గుడ్డతో తుడిచి తీసుకువెళ్ళాను.

డబ్బా మూత తీయగానే పెద్దాయనకు వాసన తెలిసింది. ఆయన నా ముఖం చూశారు. నేను చూపు తిప్పుకున్నాను. చుట్ట నాన్న చేతికి వెళ్ళింది.

సగం కాలేసరికి నాన్న ముఖం పాలిపోయింది. దాన్ని నేలకు రాయబోయాడు.

"మీ వాడు కష్టపడి చుట్టాడ్రా. సగంలో పారేస్తే మాష్టారి మనసు నొచ్చుకోదూ?" అన్నారు పెద్దాయన.

నాన్న నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. చివరి వరకు కాలితే పులుపు తగ్గుతుందేమో తెలుస్తుందని నేను ఎదురుచూస్తున్నాను. నాన్న చివరి వరకు తాగి, కాలువ గట్టుకు పోయి వాంతి చేసుకున్నాడు. అప్పుడు పట్టుకున్న దగ్గు పది రోజులు వదలలేదు. దవాఖానలో బీడీ కూడా మానమన్నారు. నేను పుస్తకంలో పులుపు అని రాశాను.

మరుసటి ఆదివారం కూడా నాన్న వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. రావద్దని నేను చెప్పలేదు.

వానలు వెనుకపట్టాక ఒక విడత కుదిరింది. చుట్టలు అయిదు. పెద్దాయన ఒకటి నొక్కి, వాసన చూసి, ఎవరినీ పిలవకుండా తానే అంటించుకున్నారు. బూడిద తెల్లగా, విరగకుండా నిలిచింది. నాన్న అప్పటికే లేచి చెయ్యి చాపి ఉన్నాడు. నేను చుట్టినదొకటి బాగా కుదిరిందని నాన్నకూ అర్థమైంది. కళ్ళల్లో అది కనిపించింది.

"మీ నాన్నకొకటి ఇద్దామా మాష్టారూ?"

డాక్టరు వద్దన్నారని చెప్పవచ్చు. అది నిజం కూడా. నాకు ఆ మాట రాలేదు.

"ఎందుకండీ, ఆయనకు రుచి తెలియదు."

పెద్దాయన పగలబడి నవ్వారు. నాన్న చెయ్యి వెనక్కు తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. "అవ్ సారూ, నాకేం ఎర్క" అని ఆయన కూడా నవ్వాడు. మిగిలిన నాలుగూ పెద్దాయన డబ్బాలోకి పోయాయి.

తిరుగు దారిలో నాన్న మోటారుసైకిల్ మీద నా వెనుక కూర్చున్నాడు. ఎప్పుడూ నా భుజం పట్టుకునేవాడు. ఆ రోజు వెనుక కమ్మీ పట్టుకున్నాడు. ఊరు దగ్గర పడ్డాక అడిగాడు.

"వచ్చే ఆయితారం నేను రావాల్నా బిడ్డా?"

"అవుసరం లేదు నాయినా. ఇగ కుదిరింది గద."

"మంచిది" అన్నాడు.