పసుపు పూసిన సీటు రాడ్డు

మా అత్తయ్యగారికి దండం పెట్టాల్సిందే. కార్బన్ సైకిలుకి గడపకి పూసినట్టు పసుపు పూసిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కరే అయి ఉంటారు.

నేను నూజివీడు దగ్గర ఒక బళ్ళో లెక్కలు చెబుతాను. చిన్నప్పుడు మా ఇంట్లో సైకిలు అన్నయ్యకే కొన్నారు. నాకు వెనక క్యారియరే. ఆ కసి ఇన్నేళ్ళకి తీర్చుకుందామని, ఒక్క చేత్తో ఎత్తగలిగే కార్బన్ సైకిలు తెప్పించుకున్నాను. హనుమాన్ జంక్షన్ నుంచి ఆటోలో, అట్టపెట్టెలో వచ్చింది. వరండాలో మాగేసిన రసాల మామిడిపళ్ళ పక్కనే కూర్చుని చక్రాలూ హ్యాండిలూ బిగించాను. ఇక సీటు రాడ్డు దించడమే మిగిలింది. ఇంతలో తోట బేరానికి మనుషులొచ్చారంటే టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అత్తయ్యగారు కొత్త బండికి పూజ కానిచ్చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు, సరే. రాడ్డుకి ఈ చివర నుంచి ఆ చివరికి పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. అంతటితో ఆగారా? రాడ్డు దిగాల్సిన గొట్టంలోకి కూడా వేలు పెట్టి పూశారు. మే నెల ఎండకి అదంతా చక్కగా అట్ట కట్టేసింది.

"లోపలెందుకండీ?" అన్నాను ఏడుపు గొంతుతో.

"పైపైన పూసే భక్తి మనింట్లో లేదమ్మాయ్," అన్నారు.

రాడ్డు రెండు వేళ్ళ లోతు దిగి మొరాయించింది. తడిగుడ్డ తెస్తే ఆవిడ లాక్కున్నారు. "పూజ చేసిన పసుపు కడుగుతావా? రోడ్డు మీద అన్ని లారీలు తిరుగుతుంటే!" మావారు ఒక చేత్తో ఆవకాయకి తెచ్చిన నువ్వులనూనె, ఇంకో చేత్తో సుత్తి పట్టుకుని తయారు. ఇది ఇనుము కాదు మహాప్రభో, దెబ్బ పడితే పగులుతుంది, నూనె రాస్తే రాడ్డు జారుతుంది అని మొత్తుకుని ఇద్దర్నీ లోపలికి తరిమాను.

కాలు పెడలు మీద పెట్టి ఎంత ఎత్తు కావాలో ముందే కొలుచుకుని, రాడ్డు మీద అక్కడ ఒక బొట్టుబిళ్ళ అంటించుకున్నాను. అటు తిప్పి ఇటు తిప్పి, పసుపు పొడి రాలుతుంటే పిసరు పిసరు దించాను. సాయంత్రానికి బొట్టుబిళ్ళ గొట్టం అంచుకి చేరింది. నాకైతే గంతులేయాలనిపించింది.

మావారు వచ్చి చూశారు. "ఇదేంటి, ఇంత ఎత్తు? రెండు కాళ్ళూ నేలకి ఆనాలి కదా. పడితే నడుం విరుగుద్ది. దించు."

"ఎత్తుంటేనే మోకాళ్ళు నొప్పెట్టవండీ!"

"నీకేం తెలీదు, ఉండు," అని బోల్టు వదులు చేసి సీటు నొక్కారు. కదల్లేదు. మీద పడుకున్నారు. ఊహూఁ. రోషమొచ్చి ఎదురింటి పాస్టరుగారిని పిలుచుకొచ్చారు. ఆయన నిండైన మనిషి.

"చెల్లెమ్మా, నేను కూర్చుంటే బండికేమన్నా అవుద్దేమో," అన్నారాయన పాపం.

"ఏం కాదు, కూర్చోండి బాబూ," అన్నారు అత్తయ్యగారు, సైకిలు తనదైనట్టు.

అరుగు మీద నుంచి ఆయన్ని ఎక్కించారు. మావారు ఆయన భుజాల మీద రెండు చేతులూ వేసి వేలాడారు. అత్తయ్యగారు హ్యాండిలు పట్టుకుని గోవిందా అంటున్నారు, పాస్టరుగారు కళ్ళు మూసుకుని స్తోత్రం అంటున్నారు. నేనేమో ఏ క్షణాన టిక్కుమంటుందో, నా సైకిలు రెండు ముక్కలవుతుందో అని చెవులు రిక్కించి నిలబడ్డాను.

టిక్కుమనలేదు. దిగనూ లేదు. బొట్టుబిళ్ళ ఎక్కడుందో అక్కడే ఉంది.

"ఇది దిగదు తమ్ముడూ," అని పాస్టరుగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ దిగిపోయారు. మావారు ఆయాసంతో అరుగు మీద కూలబడ్డారు.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నేను పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండలేదు. నా బీరువా, నా పుస్తకాలు, చివరికి నేను పడుకునే మంచం కూడా నా మంచికేనంటూ ఎవరో ఒకరు జరిపినవే. ఇదొక్కటి, ముగ్గురు మీద పడ్డా జరగలేదు.

బోల్టు బిగించి, వాళ్ళు చూస్తుండగానే అరుగు మీద నుంచి ఎక్కి కూర్చుని, తొక్కుకుంటూ రోడ్డెక్కాను. కాళ్ళు నేలకి అందలేదు. అబ్బ, ఎంత బాగుందో!