పడుకునే జాగ

గా అవ్వ ఎప్పుడు చూసినా ముల్లె ముడి విప్పి మల్ల బిగించుకుంటనే ఉండేది. జమ్మికుంట పత్తి యార్డుల పని బందైతే మా ఊరొచ్చిందట.

మా మున్సిపల్ ఆఫీసుకు కంప్యూటర్ కొత్తగా వచ్చిన చలికాలం అది. ఇల్లు లేనోళ్లకు రగ్గులు పంచేటందుకు, ఎవరు ఎక్కడ పడుకుంటరో రాసుకొచ్చి ఎక్కించే పని నాకు పడ్డది. అందరూ చెప్పిండ్రు. ఈమె మాత్రం ఒకసారి బస్టాండుల, ఇంకోసారి కూరగాయల మార్కెట్ల, మల్ల రైల్వే గేటు కాడ దొరికింది.

"ఒక్క జాగ చెప్పవ్వా, లేకుంటే కంప్యూటర్ తీసుకోదు," అన్న.

"రగ్గు ఇచ్చేటందుకు నా మొఖం చాలదా బిడ్డా? జాగెందుకు?"

నాకు చిరాకు లేసింది. ఆమె పేరు ఇడిసిపెట్టిన.

రగ్గులు రాకముందే మంత్రి వస్తుండని కబురొచ్చింది. మా సారు నా జాబితా ప్రింటు తీయించిండు. తెల్లారేసరికి అందులున్న ప్రతి జాగకు లారీ పోయి, మంత్రి కంట పడొద్దని అందరినీ ఎక్కించుకొని ఊరవతల దింపొచ్చింది. ఒక్కరు తప్పిపోలే. జాబితా మంచిగ చేసినవని సారు నా భుజం తట్టిండు.

బయటికొస్తే అవ్వ ఆఫీసు మెట్ల మీద ముల్లె బిగించుకుంట కూసున్నది. నన్ను తిట్టలే.

"వాళ్లను యాడ దింపిండ్రో అది రాసుకున్నవా బిడ్డా?" అనడిగింది.

రాసుకోలే.