నాబు తిప్పిన దొంగ

మా ఊరు తిరుమణిలో నన్ను చూస్తే గాల్లో వేలు గుండ్రంగా తిప్పి నవ్వుకునేవాళ్లు ఇప్పటికీ పదహారు మంది ఉన్నారు. ఎందుకు నవ్వుతారో నేనే చెప్పేస్తాను. వాళ్ల నోట వింటే ఇంకా ఘోరంగా ఉంటుంది. ఒక్క నాబు పుణ్యమా అని మా చెక్కభజన జట్టునీ, మా బావనీ, మా ఇంటికి మిగిలిన కాస్త పరువునీ ఒకే సాయంత్రం ముంచబోయిన చరిత్ర నాది.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. చేను చాలావరకు సోలారు పలకల కిందికి పోయింది, చేతినిండా తీరిక మిగిలింది. పాత లాప్‌టాప్ ఒకటి సంపాదించి, పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అందులో ఒక సింథసైజరు ఉంది. ముట్టుకుందామంటే ఏమీ ఉండదు, తెరమీద నాబుల బొమ్మలుంటాయి, మౌసుతో పట్టుకుని తిప్పాలి. పెద్ద నాబును కుడికి తిప్పితే శబ్దం పదునుగా వస్తుంది. ఎడమకు తిప్పితే దుప్పటి కప్పుకుని పాడినట్టు ముసుగు పడుతుంది.

ఆ ఆదివారం పావగడలో తాలూకా చెక్కభజన పోటీ. మా జట్టులో చెక్కలు పట్టేది పదహారు మంది, వాళ్ల ముందు నిలబడి, తనూ చెక్కలు పట్టి పాడేది మా మేనత్త కొడుకు అంజి బావ. సోలారు ప్లాంటులో పలకలు కడిగే పని ఆయనది. ఆయన గొంతు లేకపోతే జట్టు పావగడ బస్సు ఎక్కడం కూడా దండగే. వెనక నా సింథసైజరు మోగాలని నేను పట్టుబట్టాను. బావకేమో హార్మోనియం చాలు.

"సరేలేప్పా, నీ సరదా ఎందుకు కాదనేది" అన్నాడు.

అంత సులువుగా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రాదా, మీరే చెప్పండి.

పోటీకి వారం ఉందనగా మొదలైంది. నాబును కుడికి పెట్టి పాట మోగిస్తే, రెండో చరణంలో అది తనంతట తాను ఎడమకు తిరిగింది. నా చెయ్యి మౌసు మీద లేదు. పాట నడుస్తుండగానే సరిచేశాను. మళ్లీ మొదటినుంచి మోగిస్తే ఈసారి పల్లవిలోనే తిరిగింది. సరిగ్గా అప్పుడే కిటికీలో ఎండ తగ్గి మబ్బు పట్టింది. నా బుర్రలో మాత్రం లైటు వెలిగింది. తిన్నగా ప్లాంటు గేటు దగ్గరికి వెళ్లి సూపర్‌వైజరును పట్టుకున్నాను.

"సార్, మబ్బు పడితే మీ కరెంటు తగ్గుతాండాది. ఆడ తగ్గితే ఈడ నా నాబు పడిపోతాండాది."

"మబ్బు మాది కాదప్పా" అన్నాడాయన. "మేము లీజుకు తీసుకునింది నేల మాత్రమే."

ఇంటికొచ్చి చార్జరు పీకేసి, బ్యాటరీ మీద మోగించాను. అయినా తిరిగింది. అయితే కరెంటు కాదు, మనిషి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు గదా, నేను మాత్రం ఊరందరి భుజాలూ తడిమి చూశాను. చివరికి నా చెయ్యి బావ భుజం మీద ఆగింది. హార్మోనియం కావాల్సింది ఆయనకు. లాప్‌టాప్ పాస్‌వర్డు మా ఆవు పేరు, అది ఆయనకే కాదు, ఊరందరికీ తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం వల పన్నాను. ఫోనులో వీడియో పెట్టి, బొరుగుల డబ్బాకు ఆనించాను. పాటనంతా ఒకసారి సరిచేసి, దర్జాగా బయటికి వెళ్లిపోయాను. గంట తర్వాత వస్తే వాకిట్లో బావ చెప్పుల జాడ. మోగించి చూస్తే పాట మళ్లీ చెడింది. ఇంక వీడియో చూడటమెందుకు?

సాయంత్రం మా వాకిట్లోనే సాధన. జట్టంతా ఉంది, అరుగు మీద మా ఇద్దరి అవ్వా ఉంది.

"బావా, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చినావా?"

"వచ్చినా. అవ్వ మజ్జిగ ఇచ్చింది."

"తాగి ఏం చేసినావు?"

"గ్లాసు కడిగి పెట్టినా. ఏందప్పా ఇది, పోలీసోళ్ల మాదిరి?"

"నా నాబు తిప్పింది నువ్వే. హార్మోనియం పెట్టించాలనే గదా?"

చెక్కల చప్పుడు ఆగిపోయింది. బావ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, చిన్నబోయాడు. చేతిలో చెక్కలు అరుగు మీద పెట్టేశాడు.

"నీకు అట్ల అనిపించినంక నేను పాడేది బాగుండదు గిరీ. వేరేవాళ్లను చూసుకో."

"యాడికి పోతావు? వీడియో ఉండాది నా దగ్గర."

"నువ్వు చూసినావా?"

"అందరితోపాటు చూస్తా."

"పెట్టు. చూసే పోతా."

పెట్టాను. పదహారు తలకాయలు ఫోను మీదికి వంగాయి. ముందు నేనే కనిపించాను. కూర్చుని, తెరమీద ఒక ఎర్ర గుండీ వెలిగించి, పాట మోగించాను. తర్వాత కళ్లు మూసుకుని, తల ఊపుతూ, సరిచేస్తున్నాననుకుని నాబును అటూ ఇటూ తెగ తిప్పాను. ఆనక లేచి వెళ్లిపోయాను. తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. మధ్యలో అవ్వ వచ్చి రెండు గుప్పిళ్లు బొరుగులు తీసుకుంది. బయటినుంచి "అవ్వా, మజ్జిగ ఉండాదా" అని బావ గొంతు. ఆయన గదిలోకి రానే లేదు.

బావ లాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టి, ఫోనూ పాటా ఒకేసారి మొదలుపెట్టాడు. ఫోనులో నా చెయ్యి ఎటు తిరిగితే తెరమీద నాబు అటు తిరిగింది. బావ ఆ ఎర్ర గుండీ మీద మౌసు పెడితే దాని సంగతి తెరమీద పడింది. అది వెలిగి ఉంటే, మనం తిప్పినదంతా సాఫ్ట్‌వేర్ రాసి పెట్టుకుని, తర్వాత తనే తిప్పుతుందట. నేను సరిచేసిన ప్రతిసారీ అదీ రాసుకుంది. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేడేమో గానీ, నా ఫోను పట్టేసింది.

అవ్వ ఫోను దగ్గరికి తీసుకుని చూసింది.

"దొంగ అచ్చం నీ మాదిరే ఉన్నాడప్పా" అంది.

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. బావ కాళ్ల మీద పడబోతే భుజం పట్టుకుని ఆపాడు.

"అది సరే. ఆ ఎర్ర గుండీ ఎందుకు వెలిగించినావు?"

మా బోరు మోటరు స్టార్టరులో మూడు లైట్లూ వెలిగితేనే మూడు ఫేజులూ వచ్చినట్టు. ఒకటి ఆరి ఉంటే మోటరు కాలిపోతుంది. చిన్నప్పటినుంచి ఆ లైట్లు చూసి పెరిగినవాణ్ణి, ఆరిన లైటు కనిపిస్తే నా ప్రాణం నిలవదు.

"ఒక ఫేజు రాలేదేమో అనుకున్యా బావా" అన్నాను.

ముందు నవ్వింది బావే. తర్వాత వాకిలంతా నవ్వింది. నవ్వుకుంటూనే ఆయన చెక్కలు చేతికి తీసుకున్నాడు. ఆదివారం పావగడలో ఆయన పాడాడు, వెనక హార్మోనియం మోగింది. దాన్ని బస్సు దిగినప్పటినుంచి మోసింది నేనే.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, గిరి అనే నేను, మా అవ్వ మీద, మా బోరు మోటరు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఎంతటి దొంగను పట్టినా సరే, ఆ వీడియో ముందుగా నేనొక్కణ్ణే తలుపేసుకుని, శబ్దం తగ్గించి పూర్తిగా చూసిన తర్వాతే నలుగురినీ పిలుస్తాను.