రెండో కాగితం

నిజాన్ని గెలిపించడానికి మీరెప్పుడైనా అబద్ధం ఆడారా?

తొందరపడి లేదనకండి. నేనూ చాలా ఏళ్లు లేదనే అన్నాను. ఆధారం లేనిదే ఏదీ నమ్మనని, దొరికిన ఆధారాన్ని దాచనని వేదికల మీద చెప్పాను, వ్యాసాల్లో రాశాను. ఆ వ్యాసాలు రాసిన చేత్తోనే ఒక ఆధారం దాచాను. ముప్పై ఏళ్లు దాటింది. ఆ బరువు అరగలేదు. నా పేరు రాయను. పేరు రాసేంత ధైర్యం ఇప్పటికీ రాలేదు. మిగిలినదంతా రాస్తాను.

రంగూన్‌లో అహ్లోన్ రేవు పక్కన మా పేట. బియ్యం బస్తాలు మోయడానికి శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ల మనవలం మేము. సైనిక ప్రభుత్వం వచ్చాక నేను పాఠాలు చెప్పే తెలుగు బడి మూతపడింది. మిల్లులో గుమాస్తానయ్యాను. అయినా పేటలో నన్ను 'సయా' అనే పిలిచేవారు. బర్మా మాటలో పంతులని అర్థం.

పేట చివర రేకుల కప్పుతో ఒక చిన్న తెలుగు చర్చి ఉండేది. దాన్ని కట్టించిన తెల్లవాళ్లను ప్రభుత్వం దేశం దాటించేసింది. మిగిలింది మార్తమ్మ. రేవు కూలీ భార్య, చిన్న వయసులోనే విధవ. మిషన్ దొరసాని ఆమెను బైబిలు స్త్రీగా చేసింది. అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి చెప్పాలి. తెల్ల చీర కట్టుకుని, పుస్తకం తెరిచి, వరస కింద వేలు పెట్టి గడగడా చదివేది. రోగి పక్కన కూర్చుని చదివేది, శవం పక్కన కూర్చుని చదివేది. నేను ఎదురుపడితే, దేవుడు కనబడ్డాడా అత్తా అని ఎకసెక్కం చేసేవాణ్ణి. నీ కళ్లజోడు తుడుచుకోరా అనేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆమె ఒక ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. దొరసాని తన దేశం నుంచి రాసింది. తెలుగులోనే, ఆ పాతకాలపు పుస్తకాల తెలుగులో. చదివిపెట్టమంది. నాకు అర్థం కాలేదు. పేటలో అందరికంటే బాగా చదివే మనిషి నా చేత చదివించుకోవడమేమిటి?

"నాకు సదువు రాదు, సయా," అంది మార్తమ్మ. "అంతా కంటతా. మావోల్ల సేత సదివిస్తే తెల్సిపోద్ది. నువ్వు మావోడివి కాదు. రేపు నువ్వెల్లి సెప్పినా ఎవులూ నమ్మరు."

నవ్వింది. నేనూ నవ్వాను. కాగితాలు విప్పాను.

రెండు ఉన్నాయి. మొదటిదాంట్లో దొరసాని ఊరి కబుర్లు. ఆమె పెరిగిన చర్చిని అమ్మేశారట. ఇప్పుడందులో కుర్చీలు, మంచాలు అమ్ముతున్నారట. గంట దింపేశారు. పడుచువాళ్లు రావడం మానేసి చాలా ఏళ్లయింది. ఎనిమిది మంది ముసలివాళ్లు ఆదివారం ఆమె ఇంట్లోనే కూడుతున్నారు. ఇక మిషన్ పనికి ఎవరినీ ఎక్కడికీ పంపే స్తోమత లేదు, పంపాలన్న మనసూ ఎవరికీ లేదు.

ఒక్కొక్క మాటా విడమరిచి చదివాను. నా గొంతులో పొంగు నాకే వినబడింది. ఎందుకంటే వచ్చే ఆదివారం మా గ్రంథాలయం వార్షికోత్సవం. నలుగురు కూడితే అనుమానించే రోజుల్లో మాకు అనుమతి దొరికే సభ అదొక్కటే. నా ఉపన్యాసం సిద్ధంగా ఉంది. తెల్లవాడు విడిచేసిన చొక్కాను నల్లవాడు ఇస్త్రీ చేసి తొడుక్కుంటున్నాడన్నది దాని సారాంశం. ఈ ఉత్తరం నా చేతికొచ్చిన కత్తి.

చదువుతూనే రెండో కాగితం మీదికి చూపు పోనిచ్చాను. అది పూర్తిగా మార్తమ్మ గురించి. దొరసాని క్షమాపణ అడుగుతోంది. అది నా ఉపన్యాసంలో ఇమడదు. మతం అమ్మడానికి వచ్చిన తెల్లమనిషి ఒక కూలీ భార్య ముందు తల వంచితే నా వాదం ఏం కావాలి? రెండో కాగితం పాత పత్రిక కిందికి జారింది. కాదు, జారలేదు. నేనే జార్చాను.

"ఆల్లకి దేవుడు ఒద్దయిపోనాడా?" అంది.

"ఒద్దయిపోనాడత్తా. మీకిచ్చీసి ఆల్లు చేతులు కడుక్కున్నారు."

"నా సంగతేటి రాసినాది?"

"ఏటీ రాయనేదు."

"ఒక్క ముక్కా?" కవరు అటూ ఇటూ తిప్పింది. ఆ రోజుల్లో విదేశాల ఉత్తరం ఏదైనా అధికారులు విప్పి, చదివి, మళ్లీ అంటించినదే. "సింపి అతికినారు. ఒక కాయితం ఆల్లు తీసీసుంటారా, సయా?"

"తీసీసుంటారు," అన్నాను.

ఆ ప్రభుత్వం మీద నేను నోరు విప్పి మోపిన నేరం అదొక్కటే. అదీ అబద్ధం.

ఆదివారం ఉపన్యాసం అదిరింది. వెనక బెంచీలో గూఢచారి కూడా చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టడు? నేను దొరలను తిట్టాను, దేవుణ్ణి తిట్టాను. మా బడిని మింగినవాళ్లను మాత్రం ఒక్క మాట అనలేదు. హేతువాదమంటే భయపడాల్సిన చోట మౌనం, భయం లేనిచోట గర్జనా? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు. చప్పట్లలో వినబడలేదు.

మార్తమ్మ సభకు రాలేదు. ఆ వారం ఆమె ఉత్తరాలు తనిఖీ చేసే కార్యాలయానికి వెళ్లింది. నా కాగితం ఇవ్వండి అని అడిగింది. తోసేస్తే మళ్లీ వెళ్లింది. మూడోసారి లోపలికి పిలిచారు. విదేశీయులతో నీకేం పని, ఎవరి కబుర్లు ఎవరికి చేరవేస్తున్నావు అని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. చివరికి పేటలోంచి మా తెలుగువాణ్ణి ఒకణ్ణి రప్పించి, ఇకముందు ఏ ఉత్తరమూ అందుకోనని తెలుగులో రాయించి, చదివి సంతకం పెట్టమన్నారు. ఆమె వరస కింద వేలు పెట్టింది. కంఠతా వచ్చిన కీర్తన ఏదీ అక్కడ పనికిరాలేదు. వేలిముద్ర వేసి వచ్చింది.

రాసినవాడి నోటిమీదుగా సంగతి మర్నాటికే పేటంతా తెలిసింది. చర్చి పెద్దలు రెండు విధాల భయపడ్డారు. ప్రభుత్వం తమ మీదికి వస్తుందని, ఇన్నేళ్లూ మోసపోయామని. పుస్తకం తీసేసుకున్నారు. కంఠతా వచ్చిన వాక్యం వాక్యం కాకుండా పోయిందా? అది వాళ్లను అడగాల్సిన ప్రశ్న. నన్ను అడగాల్సింది వేరే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కాగితం నా దగ్గరే ఉందని. చెబితే ఆమె రహస్యం బయటపడుతుందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆ సరికే బయటపడిపోయింది. ఆ తర్వాత సర్ది చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా చెప్పలేదు. పరువు. అంతే. నిజంతో దానికి ఏ సంబంధమూ లేదు.

మార్తమ్మ నది అవతల తన్లిన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ తెల్ల చీర కట్టలేదట. నాలుగేళ్లకు పోయింది. అప్పటికి వంతెన లేదు, పడవలో వెళ్లాను. నా కాగితం సర్కారు దగ్గర ఉంది అని చివరిదాకా అనేదని కూతురు చెప్పింది. కాగితం ఆ పూట నా జేబులోనే ఉంది. తీయలేదు. కూతురు మాత్రం సయా ఇంత దూరం వచ్చారని టీ ఇచ్చింది. తాగాను. ఇప్పుడు ఆ కూతురూ లేదు.

దొరసానికి జవాబు వెళ్లలేదు. మరో ఉత్తరం రాలేదు.

దేవుడు లేడనే ఇప్పటికీ అంటాను. అందుకే క్షమించమని అడగడానికి నాకు చోటు లేదు. నేను అడగగలిగిన ఆ తల్లీకూతుళ్లు ఇద్దరూ పోయారు. ఆ రెండో కాగితం మాత్రం ఇదిగో:

"మార్తమ్మా, నీకు చదువు రాదని నేను మొదటినుండి యెరుగుదును. మా దేశమునకు పంపు నివేదికలో చదువగల బైబిలు స్త్రీ యున్నదని వ్రాయవలసియుండెను గనుక నేనే నీ చేతికి పుస్తకమిచ్చి, నీ వ్రేలు పట్టి వరుస క్రింద పెట్టితిని. నీకు అక్షరములు నేర్పుటకు నాకు తీరిక లేకపోయెను. అబద్ధము నాది, భయము నీది. ఇక్కడ మా యెనిమిదిమందిలో నీవలె ప్రార్థించువారు లేరు. నన్ను క్షమింతువా? ఎవరిచేతనైనను ఒక్క మాట వ్రాయించుము."

మనసులో చదువుకుని పక్కన పెట్టకండి. లేవండి. ఈ ముక్కలు పైకి, గట్టిగా చదవండి. ఏమిటది అని పక్కగదిలోంచి ఎవరైనా అడిగితే, మార్తమ్మకు వచ్చిన ఉత్తరం అని చెప్పండి.