కొత్త కుండ వాసన

కాల్చిన కుండలో గ్లాసెడు నీళ్లు పోసి, దాని మీదికి ముఖం వంచి, నా భార్య చాలాసేపు కళ్లు మూసుకుని ఉండిపోయింది. తర్వాత తలెత్తి, "వస్తున్నది" అన్నది. స్టూడియోలో తిరుగుతున్న చక్రాలు ఒక్కొక్కటిగా ఆగాయి. మట్టి నేర్పే మలయాళీ టీచరమ్మ ఆ మట్టి చేతులతోనే ఆమెను దగ్గరికి తీసుకుంది.

కరోనా రెండో విడతలో మా ఇద్దరికీ జ్వరం వచ్చింది. నేను తొందరగానే కోలుకున్నాను. ఆమెకు జ్వరం పోయింది కానీ వాసన తిరిగి రాలేదు. దుబాయి పక్కన అజ్మాన్‌లో మా చుట్టుపక్కల గదుల్లో ఉండే మన వైపు మనుషులకు ఆమె మధ్యాహ్నం క్యారియర్లు కట్టేది. వండుతూ రుచి చూసే అలవాటు ఆమెకు లేదు. మూత తీసి, ఆవిరి ముక్కుకు తగలగానే ఉప్పు చాలిందో లేదో చెప్పేది. వాసన పోయాక, నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూడమని నేనంటే, పదిమందికి పెట్టే కూర ఎంగిలి చేయనన్నది. ఒకరోజు పులిసిపోయిన పప్పు క్యారియర్లలోకి వెళ్లింది. తినకుండా వెనక్కి పంపినవాళ్లు ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెకు కష్టమనిపించింది. మరునాడు పొయ్యి మా ఇద్దరికే వెలిగించింది.

వాసన రావచ్చు, రాకపోనూవచ్చు, బాగా గుర్తున్న వాసనలు రోజూ పీల్చమని డాక్టరు చెప్పాడు. లవంగాలు, నిమ్మతొక్క, కాఫీపొడి అన్నీ అయ్యాయి. అన్నిటికన్నా ఏది గుర్తుందని అడిగితే, ఎండాకాలం కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోసినప్పటి వాసన అన్నది. మా కింది అంతస్తులో బట్టలు కుట్టే కడప ఆవిడ అది విని, దుబాయిలో అల్ కుసైస్ దగ్గర సెలవు రోజుల్లో జరిగే కుండల క్లాసులో తనతో పాటు ఈమెనూ చేర్చింది. కారు నడిపేది నేనే కాబట్టి నేనూ వెళ్లి గోడ పక్క బెంచీ మీద కూర్చునేవాణ్ని.

మొదటి రోజు టీచరమ్మ పాత మట్టి సంచి విప్పగానే అందరూ ముక్కులు మూసుకున్నారు. "ఏం మట్టమ్మా ఇది, మోరీ మూత తీసినట్టుండాది" అన్నది కడప ఆవిడ. నా భార్య మాత్రం అప్పటికే మట్టి ముద్ద మీదికి వంగి, చిన్నగా నవ్వుకుంటూ పిసుకుతోంది. కడప ఆవిడ ఆమెను చూసింది, నన్ను చూసింది, ముక్కు మీది చేయి మెల్లగా తీసేసింది.

చక్రం మీద ముద్ద నడిమధ్యన నిలవడానికే వారాలు పట్టింది. లేచిన గోడ లేచినట్టే కూలబడేది.

"అక్కా, కుండ చేయమంటే దోసెల పెనం చేసినావే. ఖలాస్, దీని మీదే నాకు దోసె పొయ్యి" అన్నది కడప ఆవిడ.

"నీకైతే మాడ్చి పెడ్త."

చివరకు ఒక కుండ నిలిచింది. ఒకసారి కాల్చాక రంగు పూత పూసి రెండోసారి కాల్చడం అక్కడి పద్ధతి. పూత పడితే మట్టి వాసన పోతుందని ఆమె వద్దన్నది.

అలా ఒక్కసారే కాల్చిన కుండలో ఆ రోజు నీళ్లు పోసింది. "వస్తున్నది" అనగానే కడప ఆవిడ కూడా వంగి, "ఔనక్కా, బాగా వస్తాంది" అన్నది. తర్వాత నేను వంగాను. ఈ దేశం రాకముందు పనిచేసిన పత్రికాఫీసులో ఏళ్లతరబడి తాగిన సిగరెట్లతో నా ముక్కు మొద్దుబారింది. తడి తెలిసింది, వాసన తెలియలేదు. ఇద్దరు విడివిడిగా చెబితేనే వార్త రాసేవాళ్లం. ఇక్కడ రెండో మనిషి మొదటి మనిషి మాట విన్నాకే చెప్పింది.

కారులో కూర్చుంటూనే, "రేపటి సంది క్యారియర్లు కడ్త. అందరికి చెప్పుండ్రి" అన్నది. చెప్పాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున బయటికెళ్లి తిరిగొస్తుంటే, లిఫ్ట్ దగ్గరే నా ముక్కుకు కూడా మాడు వాసన తగిలింది. తలుపు తీసుకుని పరుగున వెళ్లాను. ఆమె పొయ్యి పక్కనే నిలబడి కొత్తిమీర తరుగుతోంది. గిన్నెలో పప్పు నల్లబడుతోంది. నన్ను చూశాక మంట ఆర్పింది.

"నాకు తెలుసు. ఇది పారబోసి ఇంకోటి వండుదామనే ఉన్న" అన్నది.

నిజంగానే మళ్లీ వండింది. ఆ రోజు క్యారియర్లు ఆలస్యంగా వెళ్లాయి. అప్పటినుంచి కట్టే ముందు ఒక్కో గిన్నె మూత తీసి, "జర చూడుండ్రి" అని నా ముందు పెడుతోంది. ఇదివరకెప్పుడూ అలా పెట్టలేదు. నా ముక్కు సంగతి ఆమెకు తెలుసు. అందుకే నేను చెంచాతో నోట్లో వేసుకుని చెబుతాను. ఎంగిలి అనడం మానేసింది.

పూత లేని ఆ కుండ వంటింటి కిటికీలో ఉంది. గ్యాస్ లీకైతే మోగే అలారం ఒకటి కొని పొయ్యికి దగ్గరలో గోడకు బిగించాను. పొయ్యి గట్టు తుడిచినప్పుడల్లా ఆమె దాన్ని కూడా తుడుస్తుంది. అదేమిటని ఇంతవరకు అడగలేదు.