బీరయ్య తాళాల బోర్డు

నాంపల్లిలో మా ఆఫీసుకి పద్దెనిమిది జీపులు. వాటి తాళాలు మేకులకి వేలాడే చెక్క బోర్డు కింద, స్టూలు మీద బీరయ్య కూర్చునేవాడు. ఆయనకి చదువు రాదు. నోట్లో చుట్ట ఆరదు. 1974లో కంప్యూటరొచ్చాక, ఆ బోర్డూ స్టూలూ అవసరం లేకుండా ప్రోగ్రాం రాయమని మేనేజర్ రామచంద్రమూర్తిగారు నాకు పురమాయించారు. నా పేరు వసుమతి, మాది గుడివాడ వైపు. నా అంత తెలివైనది ఆబిడ్స్ నుంచి లక్డీకాపూల్ దాకా లేదని అప్పట్లో నా నమ్మకం.

క్యాంపులకెళ్తే డ్రైవర్లు వారం దాకా తాళం తిరిగివ్వరు. ఎవరు ఏ జీపు మీదున్నారో పొద్దున్నే కార్డుల మీద చిల్లులుగా కొట్టి మెషిన్‌కి చదివిస్తే, సాయంత్రం దాకా గుర్తుంచుకునేది. ఆపితే అంతా మర్చిపోయేది, మర్నాడు మళ్ళీ బోర్డు చూసి కొట్టాల్సిందే. ఆ లెక్క దాచుకోడానికి మెషిన్‌కి టేపు ఇప్పించమని ఆరు నెలలుగా మేనేజర్‌గారి ప్రాణం తీస్తున్నాను.

మొదటిరోజే పరువు పోయింది. డ్రైవరు మల్లయ్యది ఏ జీపని అడిగితే తొమ్మిది అంది మెషిను. ఏడో జీపు ఎవరిదంటే అదీ మల్లయ్యదే అంది. ఎదురుగా ఉన్న మల్లయ్య, "నేను గీడనే ఉన్న గద మేడమ్, నన్నే అడగరాదుండ్రి?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

తప్పెక్కడో దొరక్క స్టూలు పక్కన కూలబడితే, బీరయ్య సంగతంతా విన్నాడు.

"మల్లయ్యకు రెండు తాళాలెట్ల ఇచ్చినవ్ బిడ్డా?"

"ఇవ్వలేదు. జీపు మారాడని అతని పేరు దగ్గర ఏడు కొట్టేసి తొమ్మిది రాశానంతే."

"మరి ఏడో మేకు కాడికి పోలే?"

ఆయన బోర్డు దగ్గర ప్రతి డ్రైవరుకీ ఒక్కటే ఇత్తడి బిళ్ళ. తాళం కావాలంటే దాని మేకుకి బిళ్ళ తగిలించాలి. జీపు మారాలంటే పాత తాళం తిరిగిస్తేనే బిళ్ళ చేతికొస్తుంది. "ఒక దిక్కు మార్చి ఇంకో దిక్కు మరుస్తే ఎట్ల? రెండూ ఒక్క చేతి మీదనే కావాలె," అన్నాడు.

నా ప్రోగ్రాంలో ఆ ఒక్క చెయ్యే లేదు. డ్రైవరు వైపూ జీపు వైపూ ఒకేసారి మార్చే భాగం ఒకటి రాసి, దానికి బీరయ్య అని పేరు పెట్టాను.

వారం తర్వాత మేనేజర్‌గారు అటునుంచీ ఇటునుంచీ అడిగి చూశారు. అన్నీ సరిపోయాయి. "శభాష్ అమ్మాయ్! ఇక ఆ బోర్డు పీకించేద్దాం. నీ టేపు కూడా తెప్పిస్తా," అన్నారు.

గుమ్మం దగ్గర బీరయ్య నిలబడి ఉన్నాడు. చుట్ట ఆరిపోయింది. నాకు సిగ్గేసింది.

"టేపు వద్దండి," అన్నాను. "రోజూ బోర్డు చూసి కార్డులు కొట్టుకుంటాం. బోర్డుండాలి, చూసుకోడానికి బీరయ్య ఉండాలి."

"ఆరు నెలలు నా ప్రాణం తీశావు కదమ్మా!"

"అప్పుడు తెలీదండి."

మూడేళ్ళు, రోజూ పొద్దున్నే ఆయన మేకు మేకుకీ ఎవరి బిళ్ళుందో చెప్పేవాడు, నేను కార్డులు కొట్టేదాన్ని. ఆయన రిటైరైన మర్నాడు టేపుకి అర్జీ పెట్టాను.